అర సెకను

కుట్టుమిషను బల్ల మీద ల్యాప్‌టాప్.
కింద పెడలు ఇంకా అలాగే ఉంది,
కోపమొచ్చిన కాల్‌లో నా పాదం దాన్ని తొక్కుతుంది.
ఏ గుడ్డా కుట్టకుండానే చక్రం తిరుగుతుంది.

ఫ్యాను ఆపాలి, ఆ చప్పుడు కస్టమరుకి వినబడకూడదు.
తలుపు కింద తడి తువ్వాలు కుక్కాలి.
మిర్చి యార్డు నుంచి గాలి మళ్లిందంటే
నల్లచెరువు మూడో లైనంతా తుమ్ముతుంది,
నేను మాత్రం మ్యూట్ నొక్కి తుమ్ముతాను.
మా చిన్నాడు సైగలు నేర్చాడు:
ఒక వేలంటే నీళ్లు, రెండంటే అన్నం,
పిడికిలి బిగించాడంటే అక్క కొట్టిందని.

ఇక్కడ నా పేరు మానస.
ఫిలోమినా అంటే రెండుసార్లు చెప్పాల్సొస్తుందనీ
కాల్‌కి నాలుగు సెకన్లు దండగనీ
టీమ్ లీడరు లెక్కగట్టి మరీ చెప్పాడు.
మానస గొంతులో ముళ్లుండవు.
చెప్పండమ్మా, తప్పకుండా అమ్మా, అర్థమైందమ్మా.
ఫిలోమినా గొంతు కుళాయి దగ్గర లేస్తే
నాలుగిళ్ల అవతల పాలు విరుగుతాయంటారు.

నిన్న పన్నెండుంబావుకి, ముప్ఫై ఏడో కాల్.
"ఫ్రిజ్జు చల్లబడ్డం లేదమ్మా, రాత్రి నుంచీ."
పెద్దావిడ.
స్క్రీన్ మీద చిరునామా ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉంది.
ఈలోగా కిటికీ అవతల మైకు బండి:
చిక్కు వెంట్రుకలు కొంటాం, పాత ఇనుము కొంటాం.
అర సెకను ఆగి
హెడ్‌సెట్‌లో, ఆవిడ మాటల వెనక, అదే మైకు:
చిక్కు వెంట్రుకలు కొంటాం, పాత ఇనుము కొంటాం.

ఎకో అనుకున్నాను.
మలుపులో బండివాడు హారన్ కొట్టాడు.
ఇక్కడొకసారి, అక్కడొకసారి.
అప్పుడు తెరుచుకుంది చిరునామా.
ఉప్పుటూరి నాంచారమ్మ.
మా గోడే వాళ్ల గోడ.

మాటలు ఆగి పద్నాలుగు నెలలు.
కాలవ మీద మేం వేసిన బండ
వాళ్ల వాకిట్లోకి జానెడు జరిగిందని మొదలై
మా అమ్మ దాకా, వాళ్ల కోడలి దాకా పోయింది.
ఆ జానెడు మాత్రం జరగలేదు.

"ఆయన షుగరు ఇంజక్షన్లు లోపలే ఉన్నయ్యమ్మా.
కుండలో పెట్టమన్నారెవరో,
కుండ చల్లదనం చాలుద్దంటావా?"
చాలుద్దో లేదో నా స్క్రీన్‌కి తెలీదు.
నలభై ఎనిమిది గంటల్లో మెకానిక్ వస్తాడని ఉంది,
అది చదివాను.
అసౌకర్యానికి చింతిస్తున్నామని ఉంది,
అదీ చదివాను.
పెడలు తొక్కుతూనే ఉన్నాను.
"ఎంత నిదానంగా చెప్పావు తల్లీ, ఏ ఊరు మీది?"
ఊరు చెప్పకూడదు.
"పక్కింట్లో ఫ్రిజ్ లేదా అమ్మా?"
ఇది అడగమని ఎక్కడా రాసి లేదు. అడిగేశాను.
గోడ కాసేపు ఏమీ అనలేదు.
"ఉంది గానీ" అంది.
ఆ గానీ
చెవిలోంచి విన్నానో ఇటుకల్లోంచి విన్నానో.

ఫోన్ పెట్టేసి, మానసకి ఐదుకి ఐదు నొక్కింది.

భోజనానికి ఇరవై నిమిషాలు.
గుడ్లన్నీ తీసి గిన్నెలో పెట్టాను,
గోంగూర సీసా పక్కకి జరిపాను,
మందుల పెట్టె పట్టేంత.
చెప్పులైనా వేసుకోకుండా బండ దాటి
వాళ్ల గేటు ముందు నిలబడ్డాను.
కాళ్లు కాలుతున్నాయి.
నీకెవరు చెప్పారంటే ఏమనాలి?
మానసలా పిలిస్తే గొంతు గుర్తుపడుతుంది,
ఫిలోమినాలా పిలిస్తే తలుపు తియ్యదు.
పదహారు నిమిషాలు.
పదిహేను.

యార్డు నుంచి గాలి మళ్లింది.
లోపల ఆవిడ తుమ్మింది.
అర సెకను ఆగి
బయట నేను, గట్టిగా, నా గొంతుతోనే.

ఒంటి తుమ్మయితే వెనక్కి తిరగాలంటారు.
రెండయ్యాయిగా.
గేటు తోశాను.